కొత్త నీరు, పాత కాలువ

మా బడిలో హెడ్మాస్టరు గారి గది గోడకి ఒక చెక్క బోర్డు ఉంటుంది. ప్రభుత్వ ఆఫీసుల్లో చాలాచోట్ల ఇలాంటిది చూసే ఉంటారు. వరస నంబరు, పేరు, ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు. నల్ల రంగు మీద తెల్ల అక్షరాలు. కొత్తాయన రాగానే పెయింటర్ని పిలిచి పేరు రాయిస్తారు. "వరకు" కింద గడి ఖాళీగా ఉంచుతారు. ఆ గడి నిండిన రోజు స్టాఫ్ రూములో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "కొత్త నీరు వస్తే పాత నీరు కొట్టుకుపోక తప్పదు కదండీ."

ఇరవై మూడేళ్ల సర్వీసులో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నేనూ అన్నాను. బదిలీలప్పుడు అంటాం, సర్పంచ్ ఎన్నికలయ్యాక అంటాం, ప్రభుత్వం మారినప్పుడు మరీ గట్టిగా అంటాం. 2019లో మా ఊరి టీ కొట్టు దగ్గర విన్నాను. 2024లో అదే బెంచీ మీద కూర్చుని మళ్లీ విన్నాను. గెలిచినవాళ్లు ధీమాగా అన్నారు, ఓడినవాళ్లు తమని తాము ఓదార్చుకోవడానికి అన్నారు.

సామెతలో తప్పేమీ లేదు. నదిని చూసినవాళ్లు కట్టిన మాట అది. నేను అంటున్నదల్లా ఒకటే. మన ఊళ్లు, మన బళ్లు, మన ఆఫీసులు బతికేది నది మీద కాదు. కాలువల మీద, చెరువుల మీద. అక్కడ కొత్త నీటి కథ వేరు. ఆ తేడా మరిచిపోయి సామెతని అలవాటుగా వాడేస్తున్నాం. దానివల్ల చాలా పోగొట్టుకుంటున్నామని నాకు గట్టిగా అనిపిస్తోంది.

మాది శ్రీకాకుళం జిల్లా, వంశధార ఎడమ కాలువ శివారు ఊరు. శివారు అంటే ఏమిటో కాలువ మొదట్లో ఉన్నవాళ్లకి చెప్పినా అర్థం కాదు. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీలో గేటెత్తితే, నీరు వంద కిలోమీటర్లకి పైగా నడిచి రావాలి. దారిలో ప్రతి మదుముకీ (తూముకీ), ప్రతి పిల్లకాలువకీ వాటా ఇచ్చుకుంటూ రావాలి. అందరికీ సరిపోయి మిగిలితే మాకు. లక్షన్నర ఎకరాల దాకా ఆయకట్టు ఉన్న కాలువకి మేం తోక చివర ఉన్నాం. ఉభాల రోజుల్లో, అంటే వరి నాట్లప్పుడు, మా నాన్న రాత్రి రెండు గంటలకి లేచి, టార్చిలైటు పట్టుకుని కాలువ గట్టు మీదకి వెళ్లి, నీరు వచ్చిందా లేదా అని చూసి వచ్చేవాడు. వస్తే మాట్లాడేవాడు. రాకపోతే ఏమీ మాట్లాడకుండా పడుకునేవాడు. మా అమ్మ ఆ మౌనాన్ని బట్టే తెల్లారి ఏం వండాలో నిర్ణయించుకునేదని పెద్దయ్యాక గానీ నాకు తెలియలేదు.

మా కాలువకి ఒక లస్కరు, అంటే షట్టర్లు తిప్పి నీరు వదిలే మనిషి, ఉండేవాడు. వరసకి మాకేమీ కాడు గానీ అందరం మావ అనే పిలిచేవాళ్లం. ఖాకీ నిక్కరు, భుజం మీద తువ్వాలు, చేతిలో షట్టరు తిప్పే ఇనప హ్యాండిలు. ఫలానా చోట షట్టరు ఏడు మరలు తిప్పితే మా ఊరికి నీరు రావడానికి ఒక రాత్రీ ఒక పగలూ పడుతుందని, తొమ్మిది మరలు తిప్పితే మధ్యలో ఒకచోట గట్టు ఊటెక్కుతుందని ఆయనకి తెలుసు. ఇది ఏ రిజిస్టర్లోనూ రాసి లేదు. ఖానా (కల్వర్టు) గోడ మీద సున్నంతో మూడు గీతలు గీసుకున్నాడు. నీరు పై గీత దాటితే ఊళ్లోకి వచ్చి కబురు చెప్పేవాడు.

ఒకసారి, నేను ఎనిమిదో తరగతి చదువుతున్నప్పుడు, కొత్తగా ఒక ఇంజనీరు గారు వచ్చారు. ఈసారి శివారు దాకా నీరిస్తామని ఊళ్లో మీటింగు పెట్టి చెప్పారు. అంతకు ముందు వచ్చినవాళ్లూ అదే చెప్పారు కాబట్టి మా నాన్న వాళ్లు తలూపి ఊరుకున్నారు. నేను సంబరంగా గట్టు మీదకి పరిగెత్తి లస్కరు మావకి చెప్పాను. ఆయన నవ్వలేదు.

"కొత్త నీరు వస్తాదని పొంగిపోకు బాబూ. ముందొచ్చే నీరు సెత్త మోసుకొస్తాది. కాలవ దారి బాగుంటేనే ఎనకొచ్చే నీరు మన దాకా వస్తాది. దారి బాగునేదనుకో, ఎంత నీరొదిలినా ఎగువోళ్ల పొలాల్లోనే ఒలికిపోద్ది."

ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమైంది. తర్వాత చూశాను. కాలువలో మొదటి నీరు ఎర్రగా, చిక్కగా వస్తుంది. ముందంతా నురగ, ఎండుటాకులు, గుర్రపుడెక్క, ఎవరో పారేసిన పాత చెప్పులు. ఖానా దగ్గరికి రాగానే ఆ చెత్తంతా తూముకి అడ్డం పడుతుంది. అక్కడొక మనిషి కర్ర పట్టుకుని నిలబడి లాగెయ్యకపోతే నీరు గట్టెక్కి పక్క పొలంలోకి పోతుంది. ఆ మనిషి లస్కరు మావ. మొదటి నీటికంటే నాలుగడుగులు ముందు నడుచుకుంటూ, ఖానా తర్వాత ఖానా శుభ్రం చేసుకుంటూ నీటిని మా ఊరి దాకా తీసుకొచ్చేవాడు.

ఆ ఇంజనీరు గారిని ఇప్పటికీ మా ఊరి పెద్దవాళ్లు తలుచుకుంటారు. ఆయన అందరిలా మాటిచ్చి ఊరుకోలేదు. మే నెల ఎండలో, కాలువ ఎండి ఉన్నప్పుడు, లస్కరు మావని వెంటబెట్టుకుని మా వైపు కాలువంతా కాలినడకన తిరిగారు. ఎక్కడ పూడిక ఉందో, ఎక్కడ షట్టరు తుప్పు పట్టిందో మావ చెబుతుంటే నోటు రాసుకున్నారు. నీరు వదలకముందే పూడిక తీయించారు. ఆ ఏడాది మా ఊళ్లో వేళకి ఉభాలైపోయాయి. మా నాన్న ఆ పంట డబ్బుతోనే మా అక్క పెళ్లి బాకీ తీర్చాడు.

ఆయనకి బదిలీ అయింది. ఆ నోటు పుస్తకం ఏమైందో ఎవరికీ తెలియదు. తర్వాత వచ్చినాయన కూడా చెడ్డవాడు కాదు, పనిమంతుడే. కాకపోతే ఆయన ఆలోచన వేరు. పాతాయన చేసింది ఎక్కడి వరకు వచ్చిందో అడగలేదు. మావని పిలవలేదు. మావంతట మావ వెళ్లి చెప్పలేదు. పెద్ద ఆఫీసరు పిలవకుండా లస్కరు వెళ్లి ఏం చెబుతాడు? రెండేళ్లలో పూడిక మళ్లీ మామూలే.

ఇక్కడ ఎవరిది తప్పు అని చాలాకాలం ఆలోచించాను. కొత్తాయన దగ్గర ఉత్సాహం ఉంది, మావ దగ్గర తెలివిడి ఉంది. ఆ రెండూ కలవలేదు. కలిపే ఏర్పాటు ఏదీ లేదు. మనకి ఆఫీసరు మారినప్పుడు శాలువా కప్పే పద్ధతి ఉంది గానీ, పాత పని చేతిలో పెట్టే పద్ధతి లేదు. చార్జి అప్పగించడం అంటే తాళాలు, ఫైళ్లు, సంతకాలు. మూడు సున్నం గీతలు ఆ చార్జి లిస్టులో ఉండవు.

ఇంకో సామెత కూడా ఉంది, కొత్త బిచ్చగాడు పొద్దెరగడని. ఎవరైనా కొత్తగా వచ్చి ఉత్సాహంగా పనిచేస్తే వెనకనుంచి ఈ మాట అనేస్తాం. ఇది నాకు బొత్తిగా నచ్చదు. ఆ మాటతో కొత్తవాడి ఉత్సాహం చల్లారే దాకా పక్కన కూర్చుని చూస్తాం, చల్లారాక చూశారా చెప్పానా అంటాం. మూడోది ఇంకా దారుణం: ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి. ఎవరొచ్చినా ఇంతే అని చేతులు ముడుచుక్కూర్చోవడానికి అంతకంటే మంచి సాకు లేదు. మా నాన్న ఆ మాట ఎప్పుడూ అనలేదు. నీరు రాని ఏడాది కూడా మళ్లీ ఎద జల్లాడు.

పాత నీరు పోవాల్సిన సందర్భాలు లేవని నేను అనడం లేదు. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణం ఉద్యోగాలు రద్దు చేసినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా నాయనమ్మ చెరువు కింది అరెకరం కాగితం కోసం కరణం గారి అరుగు కింద ఎండలో నిలబడటం నేను కళ్లారా చూశాను. పొద్దున్న వెళ్తే మధ్యాహ్నం దాకా. అరుగు మీద నీడ ఉండేది గానీ అక్కడ కూర్చోమన్నవాళ్లు లేరు. తరతరాలుగా ఒకే ఇంట్లో ఉండిపోయిన ఆ అధికారం పోయిందన్న రోజు మా నాయనమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. మరుసటేడు మండలాలు వచ్చాయి. తాలూకా ఆఫీసు కోసం పూట ప్రయాణం చేసేవాళ్లకి ఆఫీసు దగ్గరకొచ్చింది.

అయితే ఆ మార్పు ఈరోజుకీ నిలిచి ఉండటానికి కారణం ఏమిటి? తెచ్చినవాళ్ల గొప్పతనం ఒక్కటే కాదు. 1989లో వాళ్లు ఓడిపోయి ప్రత్యర్థి పార్టీ గెలిచింది. గెలిచినవాళ్లు మండలాలని ఎత్తేయలేదు, ఉండనిచ్చారు. అప్పుడు అది ఒక నాయకుడి నిర్ణయంగా కాకుండా జనం సొత్తుగా మారింది. నాకు ఇదే కొలబద్దగా కనిపిస్తుంది. ఒక నాయకుడు నిజంగా మార్పు తెచ్చాడా లేదా అన్నది ఆయన పదవిలో ఉండగా తేలదు. ఆయన తర్వాత, ఆయనంటే గిట్టనివాడు వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు తేలుతుంది.

ఆరోగ్యశ్రీనే తీసుకోండి. 2007లో మొదలైంది. 2014 తర్వాత ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024 తర్వాత మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. పేరు ఇన్నిసార్లు మారినా పథకం ఆగలేదు. మా పక్కింటి అవ్వకి గుండె ఆపరేషను ఒక పేరు మీద జరిగింది, ఆవిడ కొడుక్కి కిడ్నీలో రాళ్లు ఇంకో పేరు మీద తీశారు. పింఛనూ అంతే. 2020 నుంచి వలంటీర్లు ఇంటికొచ్చి ఇచ్చేవారు. ఇప్పుడు వలంటీర్లు లేరు, సచివాలయం ఉద్యోగులు తెచ్చిస్తున్నారు. 2024 ఎన్నికలప్పుడు కొన్ని నెలలు తప్ప, గడప దగ్గరికి డబ్బు రావడం మాత్రం ఆగలేదు. మంచి పని కొనసాగించడం ఓటమి కాదని ఈ రెండు చోట్లా మన నాయకులు ఒప్పుకున్నట్టే. మరి అన్న క్యాంటీన్ల విషయంలో అలా జరగలేదు. 2018లో తెరిచారు, 2019లో మూసేశారు, 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. మధ్యలో ఐదేళ్లు కట్టిన గదులు ఖాళీగా ఉన్నాయి. ఆ ఐదేళ్లూ ఐదు రూపాయలకి అన్నం తినాల్సిన కూలీలు ఎక్కడ తిన్నారు? కొత్త నీరు వచ్చిందని చంకలు గుద్దుకున్నవాళ్లలో ఒక్కరు కూడా ఈ ప్రశ్న అడగగా నేను వినలేదు.

మా జిల్లాకి సంబంధించి వంశధార మీద కట్టాల్సిన నేరడి బ్యారేజీ కథ ఒకటుంది. వంశధార నీళ్లు ఒడిశా, మనం చెరిసగం పంచుకోవాలని ఒప్పందం జరిగింది 1962లో. ట్రిబ్యునల్ నేరడి బ్యారేజీకి సరేనన్నది 2017లో. ఇన్నేళ్లలో ముఖ్యమంత్రులు ఎంతమంది మారారో వేళ్ల మీద లెక్కపెట్టలేం. బ్యారేజీ ఇంకా కట్టలేదు.

మా నేల మీదే జరిగిన ఇంకో కథ ఉంది. పిల్లలకి ప్రతి ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం రోజు, చెబుతుంటాను గానీ పెద్దవాళ్లకి చెప్పాలని ఎక్కువగా అనిపిస్తుంది. 1906 ప్రాంతంలో ఉత్తర కోస్తా బళ్లకి యేట్సు అనే ఇంగ్లీషు దొర ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు నేర్చుకుంటూ ఆయన ఒక ప్రశ్న వేశాడు. జనం మాట్లాడే తెలుగు ఒకలా, పుస్తకాల్లో తెలుగు ఇంకోలా ఉందేమిటని. కొత్తగా వచ్చినవాడికే తట్టే ప్రశ్న అది. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లం ఆ తేడాకి అలవాటు పడిపోయాం. అందుకే కొత్తవాళ్లు రావాలి, వాళ్ల కళ్లు కావాలి. ఆ మాట నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

కానీ ఆ ప్రశ్నని పట్టుకున్నది ఎవరు? శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, వంశధార ఒడ్డున పుట్టిన గిడుగు రామమూర్తి. పర్లాకిమిడి బడిలో పంతులుగా చేరి, సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలో చదువు చెప్పాలని పాటుపడిన మనిషి. పిల్లవాడికి ఏ భాషలో చెబితే బుర్రకెక్కుతుందో ఆయన అప్పటికే ఏళ్ల తరబడి చూస్తున్నాడు. అటు విజయనగరంలో గురజాడ తోడయ్యాడు. ఒక దశలో ప్రభుత్వం బళ్లలో వాడుక భాషకి చోటిచ్చింది, పండితులు అడ్డం తిరిగేసరికి వెనక్కి తగ్గింది. అధికారులు మారారు, దొరలు వెళ్లిపోయారు. గిడుగు 1940లో పోయే దాకా అదే పని మీద ఉన్నాడు. దొర ఒక్కసారి అడిగిన ప్రశ్నకి మా పంతులు ముప్పై ఏళ్లకి పైగా జవాబు చెబుతూనే ఉన్నాడు. నేను ఈరోజు ఈ తెలుగులో రాయగలుగుతున్నానంటే అది ఆ పంతులు చలవే.

ఇప్పుడు మా బడి సంగతి చెప్పాలి. చాలా రోజులుగా మనసులో ముల్లులా ఉంది.

కొన్నేళ్ల క్రితం మాకొక హెడ్మాస్టరు గారు ఉండేవారు. ఆవిడ వచ్చిన కొత్తలో ఇనప బీరువా ఒకటి తాళం బద్దలుగొట్టి తెరిపించారు. లోపల నాలుగొందల దాకా పుస్తకాలు. కొన్నిటికి చెదలు పట్టాయి, ఎక్కువ బాగానే ఉన్నాయి. శనివారం ఆఖరి రెండు పీరియడ్లు పుస్తకాలకి ఇచ్చేశారు. ఎనిమిదో తరగతి అమ్మాయికి ఇన్‌చార్జి పని అప్పగించి ఒక లాంగ్ నోటుబుక్కు ఇచ్చారు. వాళ్ల నాన్న జీడి పిక్కల ఫ్యాక్టరీలో కూలీ. ఆ అమ్మాయి స్కేలుతో గీతలు గీసి, ఎవరు ఏ పుస్తకం ఎప్పుడు తీసుకెళ్లారో రాసేది. చివర్లో తనే ఇంకో గడి పెట్టింది, "ఎలా ఉంది" అని. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు ఒక్క మాటైనా చెప్పాలి. "బాగుంది". "ముసలోడు చచ్చిపోయినప్పుడు ఏడుపొచ్చింది". "మా అమ్మకి చదివి వినిపించాను". రెండేళ్లలో మూడు నోటుబుక్కులు నిండాయి. చదవడం రాదనుకున్న పిల్లలు చదివారు. నేను తెలుగు చెబుతాను, ఆ తేడా నా క్లాసులో నాకు తెలిసింది.

కౌన్సెలింగులో ఆవిడకి బదిలీ అయింది. తర్వాత వచ్చిన హెడ్మాస్టరు గారు కష్టపడే మనిషి. పొద్దున్న ఏడున్నరకే బడిలో ఉండేవారు. పది రిజల్టు పెంచాలని, స్పోకెన్ ఇంగ్లీషు పెట్టాలని ఆయన పట్టుదల. శనివారం పీరియడ్లు స్టడీ అవర్లయ్యాయి. గది చాలక బీరువాని వరండాలోకి జరిపి తాళం వేశారు. ఆయనకి పుస్తకాల మీద ద్వేషం లేదు. అక్కడ రెండేళ్లు ఏం జరిగిందో ఆయనకి ఎవరూ చెప్పలేదు, అంతే. స్టాఫ్ మీటింగులో పధ్నాలుగు మందిమి ఉన్నాం. టైంటేబుల్ చదువుతుంటే అందరం విన్నాం. కొత్త నీరు కదా అనుకున్నాను. నేనూ నోరు మెదపలేదు.

తర్వాతి శనివారం ఆ అమ్మాయి స్టాఫ్ రూము గుమ్మం దగ్గరికి వచ్చి, "సార్, ఈ బుక్కులు ఎవరికివ్వాలి?" అని అడిగింది. నా దగ్గర ఉంచమన్నాను. నా డెస్కు అడుగు అరలో పెట్టాను.

లస్కరు మావ పిలవలేదని వెళ్లలేదు. ఆయన సంగతి వేరు, ఆయన మాటకి ఆ రోజుల్లో విలువిచ్చేవాళ్లు లేరు. నాకేమైంది? నేను చదువుకున్నాను, పర్మనెంటు ఉద్యోగిని, మాట్లాడితే నన్నేమీ చేసేవాళ్లు లేరు. కొత్తవాళ్లు పాత మంచిని తుడిచేస్తున్నారని మనం వాపోతాం. చాలాసార్లు వాళ్లు తుడిచేయడం లేదు. అక్కడ ఏదో ఉందని వాళ్లకి తెలియదు. తెలిసినవాళ్లం మనం సామెత చెప్పుకుని పక్కకి తప్పుకుంటున్నాం.

కొత్త సర్పంచ్ వచ్చినా, కొత్త ఎమ్మెల్యే వచ్చినా, కొత్త ఆఫీసరు వచ్చినా మనం అడిగేది ఏం తెస్తారనే. ముందాయన మొదలుపెట్టిన వాటిలో ఏవి ఉంచుతారు అని ఎవరమైనా అడిగామా? ఈ ప్రశ్న గ్రామసభలో అడగాలి, పేరెంట్స్ మీటింగులో అడగాలి, ఓట్ల కోసం గుమ్మం ముందుకి వచ్చినప్పుడు అడగాలి. అలా అడిగితే వచ్చినవాళ్లకి కోపం వస్తుందేమోనన్న భయం నాకూ ఉంది. కానీ ఆ మే నెలలో కాలువంతా నడిచిన ఇంజనీరు గారికి లస్కరు చెబితే కోపం రాలేదు. నోటు రాసుకున్నారు.

ఈ జూన్‌లో మా బడికి మళ్లీ కొత్త హెడ్మాస్టరు గారు వచ్చారు. మొదటి రోజు దండ వేశాం, స్వీట్లు పంచాం. పెయింటరు స్టూలెక్కి గోడ మీది బోర్డులో పేరు రాస్తున్నాడు. అందరూ వెళ్లిపోయాక నేను డెస్కు అరలోంచి మూడు లాంగ్ నోటుబుక్కులూ తీసుకెళ్లి ఆయన టేబులు మీద పెట్టాను.

"ఏంటి మాస్టారూ ఇవి?" అన్నారు.

చెప్పాను. మొత్తం చెప్పాను. శనివారాల సంగతి, బీరువా సంగతి, స్టాఫ్ మీటింగులో నేను మాట్లాడకపోవడం కూడా. ఆయన మధ్యలో ఆపలేదు. వింటూనే ఒక బుక్కు తీసి పేజీలు తిప్పారు. ఒకచోట ఆగి, వేలు పెట్టి, చాలాసేపు చదివారు. తర్వాత తలెత్తారు.

"ఈ అమ్మాయి ఇప్పుడేం చేస్తోంది?"

"టెక్కలిలో డిగ్రీ సార్. రెండో సంవత్సరం."

"బీరువా తాళం ఎవరి దగ్గరుంది?"